పడమటి దీవి పిట్ట

నా మొగుడి మీద నాకు మొదట ఒక ఆడమనిషి విషయంలో అనుమానం వచ్చింది, తర్వాత ఒక పిట్ట విషయంలో. పిట్ట విషయంలో వచ్చిందే ఎక్కువ కడుపు మండించింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం నామోషీ లేదు.

నా పేరు శోభారాణి. కరీంనగర్ పక్కన ఒక మండలాఫీసులో సర్వేయర్‌ని. అన్నదమ్ములు గట్టు మీద నిలబడి తిట్టుకుంటుంటే మధ్యన నిలబడి భూమి కొలిచి, ఎవరిది ఎంతవరకో చెప్పడం నా పని. మా ఆయన డాక్టర్ ఆనందం, పిట్టల డాక్టరు. మానేరు డ్యాం కట్ట పక్కనున్న ఒక చిన్న పక్షుల పరిశోధన కేంద్రంలో పని చేస్తాడు. ఆ కేంద్రానికి పెద్ద డాక్టర్ తస్నీమ్. ఆమె క్వార్టర్ కూడా అక్కడే. పెళ్లి చేసుకోలేదు, చక్కగా ఉంటుంది, నవ్వితే ఇంకా చక్కగా ఉంటుంది. అన్నీ చూసే చెప్తున్నాను.

మా ఆయన మీద నాకున్న పాత ఫిర్యాదు ఒక్కటే. నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవడు. పేరు పెట్టి కాదు కదా, అసలు పిలవనే పిలవడు. పక్కింటి మొగుడు గుమ్మంలో కాలు పెట్టగానే పెళ్లాన్ని కేకేస్తాడు. ఈయన చెప్పులు విడిచి నేను ఏ గదిలో ఉంటే ఆ గదికి సూటిగా వచ్చి, "ఇగో, చాయ్ పెట్టినవా?" అంటాడు. నేను మిద్దె మీద ఉన్నా అంతే, వెనక బావి దగ్గర ఉన్నా అంతే.

మేడారం జాతరలో ఒకసారి తప్పిపోయాను. అంత జనంలో ఫోన్లు పనిచేయవు. తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చెప్తుంటారు కదా, ఫలానా ఊరు ఫలానా ఆమె, ఎక్కడున్నా రావాలె, మీ ఆయన ఎదురుచూస్తున్నడు అని. నేను ఒక కొబ్బరికాయల కొట్టు దగ్గర నిలబడి నా పేరు కోసం చెవులు రిక్కించి విన్నాను. ఎందరెందరి పేర్లో వచ్చాయి. ఇంతలో మా ఆయన జనాన్ని చీల్చుకుంటూ సూటిగా నా దగ్గరికి వచ్చి, "ఇగో, పోదామా?" అన్నాడు. మైకులో పేరొచ్చిన ఆ ఆడవాళ్లందరి మీదా నాకు అసూయ పుట్టింది. దారి పొడుగునా ఆయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో ఆయనకు తెలియనే లేదు.

తస్నీమ్ కనిపెట్టిన యంత్రం పేరు దారిపట్టీ. తలకు కట్టుకునే బట్టపట్టీ, లోపల సన్నని తీగల వల. దానికి జతగా పిట్ట తలకు తొడిగే చిన్న టోపీ. పావురాన్ని ఎక్కడ వదిలినా గూటికి చేరుతుంది కదా, ఆ తెలివి దాని బుర్రలో ఎక్కడుందో ఆమె పట్టుకుంది. ఒకరోజు పావురానికి టోపీ, మా ఆయనకు పట్టీ కట్టి, కాసేపయ్యాక ఆయన కళ్లకు గంతలు కట్టి జీపులో ఎక్కించి కరీంనగర్ గల్లీలన్నీ తిప్పింది. ఎక్కడ ఆపి అడిగినా ఆయన వేలు పావురాల గూడు వైపే చూపించింది. సాయంత్రం చాయ్ వేళకు ఆ తెలివి దానంతటదే దిగిపోయింది. ఆయన ఇంటికొచ్చి, "కడుపుల ఎవరో తాడు కట్టి గుంజినట్టున్నది. మస్తు బాగున్నది" అని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. మా పెళ్లినాడు కూడా అంత వెలగలేదు.

ఆ ఏడు వానాకాలంలో తూర్పు, పడమర రెండు సముద్రాల్లోనూ ఒకేసారి వాయుగుండాలు లేచాయి. వాన వెలిసిన పొద్దున డ్యాంలో చేపలు పట్టేవాళ్లు ఒక పిట్టను తువ్వాల్లో చుట్టి తెచ్చారు. ఒళ్లంతా ముదురు గోధుమరంగు, కొక్కెం లాంటి నల్లటి ముక్కు, ముక్కు మీద రెండు చిన్న గొట్టాలు. సగం ఈకలు రాలిపోయాయి, ఒక రెక్క వాచింది. మా ఆయన దాన్ని చూసి నేల మీద చతికిలబడ్డాడు.

"ఇది సముద్రం పిట్ట. నడి సముద్రంల బతికేది. గుడ్లు పెట్టనీకె తప్ప నేల మీద కాలు పెట్టది" అన్నాడు.

ఏ సముద్రం పిట్టో మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. ఫొటోలు దేశమంతా పంపారు. ఒకాయన ఆస్ట్రేలియా వైపుది అన్నాడు, ఇంకొకాయన అరేబియా వైపుది అన్నాడు. ఈకలు సరిగ్గా ఉంటే చెప్పొచ్చట, లేవు. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా పిట్ట బతికేలా లేదు. తూర్పు తీరంలో వదలాలా, పడమటి తీరంలో వదలాలా అన్నది తేలకపోతే దాని ప్రాణం పోయినట్టే.

"దాన్నే అడుగుదాం" అంది తస్నీమ్.

పట్టీ మా ఆయనే కట్టుకున్నాడు. నేను ఆరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని వెళ్లేసరికి పని అయిపోయింది. పిట్టను పెట్టెలో పెట్టి నల్లగుడ్డ కప్పేశారు. పిట్టలు బెదరకుండా అలా కప్పి ఉంచడం వాళ్ల అలవాటు. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను లోపలికి వస్తే తల తిప్పలేదు. డబ్బా బల్ల మీద పెట్టి, గాజులు గలగలలాడించి, దగ్గి, "అన్నం తెచ్చిన" అన్నాను. అప్పుడు ఉలిక్కిపడి చూశాడు.

"నువ్వెప్పుడొచ్చినవ్?"

ఆ మాట నా జన్మలో ఆయన నోట మొదటిసారి విన్నాను.

పావురం తెలివి సాయంత్రానికి దిగింది. ఈ పిట్టది దిగలేదు. మర్నాడూ దిగలేదు, ఆ వారమూ దిగలేదు. మా ఆయన కుర్చీ జరుపుకుని ఒక వైపే మొహం పెట్టి కూర్చునేవాడు. కంచం తిప్పుకుని అటే తిరిగి తినేవాడు. మధ్యాహ్నం కునుకు తీస్తే నిద్రలోనూ అటే తిరిగేవాడు. ఎంత దూరమని తస్నీమ్ అడిగితే "మస్తు దూరం" అనేవాడు. అక్కడ ఏముందని నేను అడిగితే కళ్లలో నీళ్లు తిరిగేవి.

"నా కోసం ఎవరో ఎదురుచూస్తున్నరు" అనేవాడు.

"ఎవరు?"

"ఎర్కలేదు. పోవాలె."

ఇటువంటి పిట్టలు బతికినన్నాళ్లూ ఒకే జంటతో ఉంటాయని తస్నీమ్ చెప్పింది. ఆ జంట కోసం మా ఆయన కంట నీరు పెట్టుకుంటున్నాడు. నేను టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో పడుకున్నప్పుడు పక్కన కూర్చుని పిట్టల పుస్తకం చదువుకున్న మనిషి! నాకు ఒళ్లు భగ్గున మండింది.

పైగా ఆయన పిట్టను వదలలేక ఇంటికే తెచ్చి వసారాలో పెట్టాడు. తెచ్చాడు సరే, చూసేదెవరు? ఆయన పడమటి గోడకేసి చూస్తూ కూర్చుంటే, ఐసు పెట్టెలో వచ్చిన సముద్రపు చేపలు ముక్కలు కోసి ఆ మహాతల్లి నోట్లో పెట్టింది నేను. సవతికి అన్నం కలిపి పెట్టడమంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది. అదేం పిట్టో గానీ కోపమొస్తే నోట్లోంచి చేపనూనె కంపు కొట్టే జిడ్డు ఊస్తుంది. చేపలవాళ్లు తెచ్చిన మొదటిరోజే, పట్టీ కట్టకముందు, నా చీర మీద ఊసింది. పట్టీ కట్టిన తర్వాత మా ఆయన మీద ఊసింది, తస్నీమ్ మీదా ఊసింది, నా మీద మళ్లీ ఊయలేదు. గుడ్డ ఎత్తితే చాలు, కళ్లు నా మీదే పెట్టి ఉండేది. పెట్టె ఇటునుంచి తెరిచినా, అటునుంచి తెరిచినా అంతే. నన్ను చూసి ఎక్కిరిస్తోందనుకున్నాను.

ఆ వైపు ఏముందన్నది నాకూ తోచకపోలేదు. మా ఇంటినుంచి పడమరకు కాస్త దక్షిణంగా పోతే డ్యాం కట్ట, కట్ట పక్కన తస్నీమ్ క్వార్టర్. పిట్టా లేదు, జంటా లేదు, నా మొగుడు నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నాడనిపించింది. అయితే నేను సర్వేయర్‌ని. ఒక్క చోటునుంచి చూసి హద్దురాయి ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. ఇంకో చోటునుంచి కూడా చూడాలి. రెండు గీతలు ఎక్కడ కలిస్తే అక్కడుంటుంది రాయి.

దిక్సూచి తెచ్చి, ఆయన కునుకు తీస్తుండగా ముక్కు ఎటుందో కొలిచాను. తర్వాత తిరుపతి మొక్కుందన్నాను.

"పిట్టను విడిచిపెట్టి ఎట్లొస్తనే?" అన్నాడు.

"పిట్టను నీ మేడం చూస్కుంటది. ఇన్నేండ్లల్ల నిన్ను ఒక్కటన్న అడిగిన్నా?"

వచ్చాడు. తిరుమలలో క్యూలో నిలబడినంతసేపూ ఆయన ఎటు తిరుగుతాడా అని నా ప్రాణం కొట్టుకుంది. తస్నీమ్ ఇల్లు అయితే ఇక్కడినుంచి ఉత్తరానికి తిరగాలి. క్యూ మెలికలు తిరిగినప్పుడల్లా ఆయన మెడ పడమరకే తిరిగింది. గర్భగుడి ముందుకొచ్చేసరికి స్వామి తూర్పు ముఖంగా ఉంటాడు కాబట్టి ఈయన చూపు సరిగ్గా స్వామి మీద పడింది. కళ్లనీళ్లు కారుతున్నాయి. పక్కనున్న ముసలమ్మ, "ఎంత భక్తి నాయనా!" అని మెచ్చుకుంది. నేను పళ్లు నూరుకున్నాను.

గదికొచ్చాక కొలిస్తే దిక్కు సూటిగా పడమర. పటం పరిచి రెండు గీతలూ గీశాను. తస్నీమ్ ఇంటి దగ్గర కలవలేదు. హైదరాబాదులో కలవలేదు, బొంబాయిలో కలవలేదు. దేశం దాటి అరేబియా సముద్రం మీదుగా పోయి పోయి, ఆఫ్రికా కొమ్ము దగ్గర సొకోట్రా అనే దీవి పక్కన కలిశాయి. తస్నీమ్ మీద అనుమానం అక్కడితో పోయింది. మంట మాత్రం తగ్గలేదు. ఆడమనిషైతే పోయి జుట్టు పట్టుకుని అడగొచ్చు. సముద్రం అవతల రాళ్ల సందులో కూర్చున్న పిట్టను ఏమని అడుగుతాను?

పటం చూపిస్తే తస్నీమ్ ఎగిరి గంతేసింది.

"జువానిన్ పెట్రెల్! భాభీ, ఇది ఆ దీవి మీదనే గుడ్లు పెడతది. ఇండియాలో నేల మీద దీన్ని చూసినోళ్లే దాదాపు లేరు. మీరు ఎట్ల పట్టుకున్నరు?"

"కడుపుమంటతో" అన్నాను. ఆమె నవ్వింది, నేను నవ్వలేదు. ఇప్పుడు రకం తెలిసింది కాబట్టి ముక్కు కొలిచి పుస్తకంతో పోల్చి, "ఇది మగదే అనుకుంటున్న" అని కూడా చెప్పింది. ఇన్నాళ్లూ సవతి అనుకుని తిట్టింది ఒక మగపిట్టను.

పడమటి తీరంలో వదలాలని తేలింది. వాళ్లిద్దరూ కారులో బయల్దేరుతుంటే ముందు సీట్లో నేను ఎక్కి కూర్చున్నాను. రత్నగిరి దగ్గర జనం లేని ఒక ఇసుకతీరం చూసుకుని దిగాం. సముద్రం కనబడగానే మా ఆయన ఆగలేదు, చెప్పులతోనే నీళ్లలోకి నడిచాడు. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది, ఇంకా పోతున్నాడు. నేను, తస్నీమ్, డ్రైవరు కలిసి ఈడ్చుకొచ్చాం. ఈత రాని మనిషి. డ్రైవరు ఆయన్ని పట్టుకుని కూర్చున్నాడు.

తస్నీమ్ పెట్టె ఇసుకలో పెట్టి నల్లగుడ్డ పూర్తిగా తీసేసింది. రెక్క వాపు ఎప్పుడో తగ్గింది, ఎగరగలిగేంత ఈకలూ వచ్చాయి. పిట్ట బయటికొచ్చింది, సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నీళ్లకు వీపు పెట్టి నిలబడింది.

"అలలకు బెదిరినట్టుంది" అంది తస్నీమ్.

నేను ఆయనకు ఆరిన బట్టలు తేవడానికి కారు దగ్గరికి నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే పిట్ట నావైపు తిరిగి ఉంది. బట్టలు తీసుకుని ఇటు చివరకు నడిచాను, ఇటు తిరిగింది.  చేతిలో బట్టలు పడేసి ఒడ్డు వెంట ఆ చివరిదాకా పోయాను. కొలత పని చేసేదాన్ని, పొరపాటు పడలేదు. పిట్ట ముక్కు నా వెంటే, గడియారం ముల్లు జరిగినట్టు జరుగుతూ వచ్చింది. ఒక పడవ చాటుకు పోయి కూర్చున్నాను. నేను కనబడకపోయినా అది పడవకేసే చూస్తోందని తస్నీమ్ అరిచి చెప్పింది. తర్వాత పరుగెత్తుకుంటూ వచ్చి నా ముందు కూలబడింది. 

"పిట్టది ఇటొచ్చింది, ఆనందంగారిది అటు పోయింది భాభీ. పావురాలప్పుడు మేం చూడలే. పిట్ట మీద ఎప్పుడూ గుడ్డ కప్పే ఉంచినం. అందరం ఆనందంగారినే చూసినం, పిట్ట ఎటు తిరిగిందో ఎవ్వరం చూడలే."

"ఆయనది ఏం పోయింది?"

"మీకు నిజంగ తెల్వదా?" ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ల్యాబ్‌ల అన్నం తింటూ తింటూ ఆగి, 'మా ఆమె చేలకాడి నుంచి ఇంటికొచ్చింది' అనేటోళ్లు. ఫోన్ చేసి చూస్తే మీరు నిజంగ అప్పుడే ఇంట్ల అడుగు పెట్టి ఉండేటోళ్లు. ఈ తెలివి మనుషుల్ల కూడ ఉంటదేమో, వందల్ల ఒక్కరికి. నాకైతే మీరంటే జలన్, కుళ్లు. నన్ను అట్ల ఎవరు ఎర్కపడ్తరని."

మేడారం గుర్తొచ్చింది. అంత జనంలో సూటిగా నడిచొచ్చిన మనిషి. ఇంట్లో ఎన్నడూ పిలవని మనిషి. వెతుక్కునే అవసరం ఉన్నవాడు కదా పిలుస్తాడు! నేను పడవ చెక్కను పట్టుకుని ఏడ్చాను.

"వెనక్కి మార్చు" అన్నాను.

"పిట్టది పిట్టకు పంపుడు నాకొస్తది. ఆనందంగారిది మొదలు ఎట్ల పోయిందో నాకే తెల్వదు. తిరిగొస్తదని చెప్పలేను. రాకపోవచ్చు."

చెయ్యకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. అబద్ధమెందుకు, ఆశ పుట్టింది. పిట్టను ఇంటికి తీసుకుపోతే వసారాలో కూర్చుని రోజంతా నన్నే చూస్తుంది. మా ఆయన ఏనాడూ కళ్లతో చూపించని ప్రేమంతా కళ్లెదుట కనబడుతుంది. ఎంత కావాలనిపించిందో చెప్పలేను. కానీ ఐసు చేపలతో అది రోజురోజుకూ ఎండిపోతోంది. ఈయన్ని ఎన్నాళ్లు తలుపు వేసి ఉంచుతాను? ఒకరోజు గొళ్లెం తీసి ఉంటే పడమరకు నడుస్తూ పోతాడు. ఆ దీవి దగ్గర పిట్ట జంట కూడా ఎదురుచూస్తూ ఉంటుంది, నాలాంటిదే.

"కానియ్యి" అన్నాను.

ఇసుకలోనే ఆయన తలకు పట్టీ, పిట్టకు టోపీ కట్టింది తస్నీమ్. అయ్యాక టోపీ తీసేసరికి పిట్ట గిరుక్కున సముద్రం వైపు తిరిగింది. రెండడుగులు పరుగెత్తి గాలిలోకి లేచి, అలల మీద అంటీ అంటనట్టు పోయింది. పోయి పోయి, ఏమనిపించిందో, వెనక్కి మళ్లింది. నా తల మీద ఒక చుట్టు చుట్టి, మళ్లీ పడమరకు పోయింది. ఈసారి ఆగలేదు.

తస్నీమ్ దాన్నే చూస్తూ, "దాని దగ్గర రెండూ ఉన్నయ్, దానిదీ, ఆనందంగారిదీ" అంది మెల్లగా.

నేను మా ఆయన వెనక నిలబడి ఉన్నాను. ఆయన పట్టీ విప్పుకుని, సముద్రం వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు.

"శోభా, ఏడున్నవ్?" అని కేకేశాడు.

తస్నీమ్ ఆ యంత్రాన్ని ఊడదీసి ముక్కలు ముక్కలు చేసింది. మా ఆయన బాగానే ఉన్నాడు. ప్రేమ ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా అంటాడు, ఇదివరకటికన్నా దగ్గర కూర్చుంటాడు, కూరగాయలు కూడా తరుగుతున్నాడు. ఫోనులో పటం చూసుకుంటూ ఇంటికొస్తాడు. గుమ్మంలో కాలు పెట్టగానే శోభా శోభా అని కేకలు వేస్తూ ఒక్కో గదీ వెతుకుతాడు. పక్కింటామె, "మీ ఆయన ఇప్పుడు మంచిగ పిలుస్తున్నడు వదినా" అని మెచ్చుకుంటుంది.

ఈ ఏడు మళ్లీ జాతరకు పోయాం. జనంలో చెయ్యి జారింది. నేను వెతకలేదు. అప్పటిలాగే ఒక కొబ్బరికాయల కొట్టు పక్కన, కదలకుండా, ఎవరో జనాన్ని చీల్చుకుంటూ సూటిగా వస్తారేమోనని చాలాసేపు నిలబడ్డాను. మైకు గరగరమంది. చెప్పేవాడి చేతిలోంచి లాక్కున్నట్టున్నాడు, మా ఆయన గొంతే వచ్చింది. "కరీంనగర్ శోభారాణి. శోభా, ఎక్కడున్నా రావాలె. నాకు నువ్వు కనబడ్తలేవు." రెండోసారీ అదే చెప్పాడు. కొట్టు ముసలామె నన్ను చూసి, "నీ పేరేనా బిడ్డా? అదృష్టమంతురాలివి" అంది.

నేను మైకు వైపు నడిచాను. అదే ఘడియలో, సముద్రం అవతల రాళ్ల సందులో పడుకున్న ఒక పిట్ట నిద్రలోనే నావైపు మొహం తిప్పి ఉంటుంది. తన మొగుడు ఎవరిని చూస్తున్నాడో తెలియక, పక్కనున్న దాని జంటకు కడుపు మండుతూ ఉంటుంది.